టీముతో ఏడాది చివరి రెట్రో, భోగి పేరుతో: ఏడుసార్లు నడిపాక నా అభిప్రాయం

హైదరాబాద్‌లో పదకొండు మంది ఉన్న సాఫ్ట్‌వేర్ టీముకి లీడ్‌ని. 2018 డిసెంబరు నుంచి 2025 జనవరి దాకా ఏడుసార్లు ఈ రెట్రో, అంటే చేసిన పనిని వెనక్కి తిరిగి చూసుకునే సెషన్, నడిపాను. ఏడాదంతా పని ఎలా సాగిందో అందరం కూర్చుని మాట్లాడుకోవడం, దానికి కాస్త పండగ కళ తేవడం, ఇంతే దీని సంగతి. ముందే చెప్పేస్తున్నా, ఇది చాలా మంచి పద్ధతి, మా టీముకి నిజంగా మేలు చేసింది. కానీ మొదటి కొన్నేళ్ళు నేను దీన్ని సరిగ్గా నడపలేదు, ఎక్కడ తప్పు జరిగిందో కూడా రాస్తాను, మొదలుపెట్టబోయేవాళ్ళకి అదే ఎక్కువ పనికొస్తుంది.

రెండు వారాలకోసారి రెట్రో చేస్తున్నాం కదా, మళ్ళీ ఏడాదికొకటి ఎందుకు అని చాలామంది అడుగుతారు. సాఫ్ట్‌వేర్ టీములు ఎలా పనిచేయాలో చెబుతూ 2001లో వచ్చిన ఎజైల్ మ్యానిఫెస్టో పన్నెండు సూత్రాల్లో ఆఖరిది ఇదే, టీము ఎప్పటికప్పుడు తన పనితీరు చూసుకుని మార్చుకోవాలని. కానీ రెండు వారాల రెట్రోలో మొన్నటి బగ్గులు, నిన్నటి రిలీజే కనిపిస్తాయి. ఏడాది పొడుగునా నెమ్మదిగా నలుగుతున్న సంగతి అక్కడ దొరకదు.

మొదటి రెండేళ్ళు, అంటే 2018, 2019 డిసెంబరుల్లో, క్రిస్మస్ చెట్టు బొమ్మ పెట్టి బాగా జరిగినవాటికి నక్షత్రాలు, ఇబ్బంది పెట్టినవాటికి ఎండుటాకులు అంటించమన్నాను. బోర్డు చూడ్డానికి ముచ్చటగా ఉంది, అందులో సరుకు మాత్రం లేదు. అందరూ "టీమ్ వర్క్ బాగుంది", "ఇంకా నేర్చుకోవాలి" అని రాసి ఊరుకున్నారు. కారణం చెట్టు కాదు. మా ఆఫీసులో ఏడాది పనికి రేటింగ్ ఇచ్చే అప్రైజల్ ఫారాలు డిసెంబరులోనే నింపాలి, మేనేజర్ కూడా అదే గదిలో కూర్చున్నారు. రేటింగ్ టెన్షన్‌లో ఉన్న మనిషి తన ఇబ్బంది కాగితం మీద ఎలా పెడతాడు? ఆ తర్వాత దీన్ని జనవరికి జరిపాం, మొదటి గంట మేనేజర్ రాకుండా ఒప్పించాను. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా సెషన్ పెట్టకపోవడమే మంచిది.

జనవరి అనగానే సంక్రాంతి. భోగి 13న గానీ 14న గానీ వస్తుంది, అంతకు రెండు మూడు రోజుల ముందే సగం టీము ఊళ్ళకి బయల్దేరుతుంది, విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర బారులు తీరకముందే దాటాలని అందరికీ తొందర. అందుకే ఆ ముందటి వారంలో ఒక బుధవారం పెట్టుకుంటాం. పాతవి మంటలో వేసే పండగ కాబట్టి మాటలు దానంతటవే ఆ దారిలో పడ్డాయి, ఏం వదిలేద్దాం, ఏం పంట చేతికొచ్చింది, వచ్చే ఏడాదికి విత్తనం ఏది దాచుకుందాం. టీములో ముస్లిం, క్రైస్తవ మిత్రులు ఉన్నారు, ముందే అడిగాను, పూజ లాంటిదేమీ ఉండదని చెప్పాను, వాళ్ళకి అభ్యంతరం లేదు. ఒకాయన ప్రతిసారీ ఇంట్లో చేసిన ప్లమ్ కేక్ తెస్తాడు, అరిసెల కంటే ముందు అదే అయిపోతుంది.

2021, 2022లో ఇళ్ళ నుంచే చేశాం, గూగుల్ జామ్‌బోర్డ్ అనే ఆన్‌లైన్ వైట్‌బోర్డ్ మీద. 2024 డిసెంబరు 31తో అది ఆగిపోయింది, మావన్నీ ముందే పీడీఎఫ్‌గా దించుకున్నాం. ఆన్‌లైన్‌లో ఒక మంచి ఉంది, చేతిరాత కనిపించదు కాబట్టి బిడియస్తులు ఎక్కువ రాస్తారు. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు వచ్చే మాట మాత్రం అక్కడ రాదు.

ఇప్పుడు నడుపుతున్న తీరు ఇది. మొత్తం గంటన్నర. గోడకి చార్టు కాగితాలు వరసగా అంటించి పన్నెండు నెలల గడులు గీస్తాం. అందరూ ఫోన్‌లో క్యాలెండర్ తీసి, ఏ నెలలో ఏం జరిగిందో మాత్రమే రాస్తారు, మంచీ చెడూ అప్పుడే వద్దు. ఇది చేయకపోతే అందరి మాటా నవంబరు, డిసెంబరుల చుట్టూనే తిరుగుతుంది, మార్చిలో రాత్రింబగళ్ళు చేసిన రిలీజ్ ఎవరికీ గుర్తుండదు. తర్వాత పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా చీటీలు రాస్తారు. అన్నీ కలిపి నేనే చదువుతాను, ఎవరిదని అడగను. ఒక్కొక్కరు మూడేసి చుక్కలు పెట్టి ముఖ్యమైనవి ఎంచుకుంటారు. ఏడాది మధ్యలో చేరినవాళ్ళకి మొదటి సగం కాస్త విసుగే, దానికి నాకింకా మందు దొరకలేదు.

ఇక నా పెద్ద పొరపాటు. 2023 జనవరిలో మళ్ళీ ఆఫీసులో కలిశాం. ఆఫీసులో మంట పెట్టలేం కదా, ఇంటి నుంచి ఇత్తడి బిందె తెచ్చాను, వదిలేయాలనుకున్న చీటీలన్నీ అందులో వేయించాను. వాటిని మా ఊరికి తీసుకెళ్ళి భోగినాడు తెల్లవారుజామున పిడకలతో పాటు మంటలో వేసి ఫొటో గ్రూపులో పెట్టాను. అందరూ సంబరపడ్డారు. ఆ చీటీల్లో ఒకటి, "చలికాలంలో పదిన్నర కాల్, పాప నిద్రపోయే టైము" అని పెన్సిల్‌తో సన్నటి అక్షరాల్లో రాసి ఉంది. మా క్లయింట్ న్యూయార్క్‌లో ఉంటారు, వాళ్ళ మధ్యాహ్నం పన్నెండింటి కాల్ మనకి రాత్రి తొమ్మిదిన్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పగానే అది పదిన్నర అవుతుంది, మళ్ళీ మార్చి రెండో ఆదివారం దాకా అంతే. చీటీ కాలిపోయింది, కాల్ మాత్రం అక్కడే ఉంది. ఆ ఏడు నవంబరులో మళ్ళీ పదిన్నరకే లాగిన్ అయ్యాం, నేను కూడా ఏమీ అనలేదు, ఎందుకంటే నాకు గుర్తే లేదు. 2024 జనవరిలో మా టెస్టర్ ఒకామె తెల్ల కాగితం మడిచి బిందెలో వేసింది. తర్వాత అడిగితే, "రాస్తే కాల్చేస్తారుగా అక్కా" అంది. నాకు చాలా బాధేసింది.

ఆ రోజే పద్ధతి మార్చాం. తీరిపోయినదే బిందెలోకి వెళ్తుంది. తీరనిది గోడ మీదే ఉంటుంది, పక్కన ఒకరి పేరు, ఒక తేదీ. మూడు కంటే ఎక్కువ తీసుకోం. మేనేజర్ చివరి అరగంట వచ్చేది వీటి కోసమే, ఇది నేను చూస్తాను అని అందరి ముందు చెప్పడానికి. వచ్చే ఏడు సెషన్ ఆ చీటీలతోనే మొదలవ్వాలి.

కాల్ సంగతి మళ్ళీ ఒక చీటీ మీద రాసి, పక్కన నా పేరు పెట్టుకున్నాను. క్లయింట్‌తో మాట్లాడితే వాళ్ళు ఒక్క మెయిల్‌కే ఒప్పుకున్నారు, చలికాలంలో వాళ్ళ పొద్దున పదింటికి, మనకి రాత్రి ఎనిమిదిన్నర. ఇన్నేళ్ళు ఎవరం అడగనే లేదు. చీటీ తీసేద్దామా అంటే ఆ టెస్టర్ ఒప్పుకోలేదు, "నవంబరు రానివ్వండి అక్కా, అప్పుడు చూద్దాం" అంది. ఏడాదంతా ఆ పసుపు కాగితం నా డెస్కు వెనక గోడ మీదే ఉంది, రెండుసార్లు జిగురు ఊడితే టేపు వేశాను. 2025 జనవరిలో సెషన్ మొదలవగానే ఆమే లేచి, టేపు జాగ్రత్తగా ఒలిచి, తీసుకెళ్ళి బిందెలో వేసింది.