నాలుగు రింగులా, ఆరు చుక్కలా?

ఆడి, సుబారు కార్ల లోగోలు రెండూ చెప్పేది కంపెనీల కలయిక గురించే. 1932లో ఆడి, డీకేడబ్ల్యూ, హార్చ్, వాండరర్ కలిసి ఆటో యూనియన్ అయ్యాయి, అందుకే ఒకదానితో ఒకటి పెనవేసుకున్న నాలుగు రింగులు, మొదట్లో అయితే ఒక్కో రింగులో ఒక్కో కంపెనీ గుర్తు కూడా ఉండేది. 1969లో ఎన్‌ఎస్‌యూ అనే మరో కంపెనీ వచ్చి కలిసినా ఐదో రింగు మాత్రం వేయలేదు, పాపం!

సుబారు అంటే మన కృత్తికా నక్షత్రాలే. నీలం కోడిగుడ్డు ఆకారంలో ఎడమవైపున్న పెద్ద చుక్క 1953లో పుట్టిన ఫుజి హెవీ ఇండస్ట్రీస్ (సుబారు కార్లు తెచ్చిన కంపెనీ), మిగతా ఐదు చిన్నవి అందులో కలిసిపోయిన కంపెనీలు.

డిజైన్ వరకైతే ఆడిదే పైచేయి, రంగు లేకపోయినా దూరం నుంచే ఇట్టే గుర్తుపట్టొచ్చు. సుబారు చుక్కలు దగ్గరికెళితే గానీ లెక్కకు రావు. అయినా నా ఓటు దానికే, ఎందుకంటే ఆడి అందరూ సమానమే అని మొహమాటపడితే, సుబారు పెద్ద ఎవరో దాచకుండా చెప్పేసింది.