మంత్రం మీద మంత్రం పడితే: ఐదో ఎడిషన్‌తో ఏడేళ్లు

ఏడేళ్లుగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాత్రల్లో ఉండి కథ నడిపించే టేబుల్ ఆట ఐదో ఎడిషన్‌కి డీఎంగా, అంటే ఆట నడిపి తీర్పులు చెప్పే మనిషిగా ఉన్నాను. మా 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ (ఆట రూల్స్ పుస్తకం) అట్ట ఊడిపోయింది. పదో అధ్యాయం పేజీలు అంచుల దగ్గర నల్లబడ్డాయి. స్పెల్స్, అంటే మంత్రాలు, ఎలా వేయాలో చెప్పే అధ్యాయం అది. మా టేబుల్ దగ్గర వాదన మొదలైతే ముందు తెరుచుకునేది ఆ పేజీలే. ఎందుకంటే వాదన దాదాపు ఎప్పుడూ ఒకటే: ఈ స్పెల్ మీద ఆ స్పెల్ పడితే ఏమవుతుంది?

మొదట్లో నేను స్పెల్ పేరు చూసి తీర్పు చెప్పేదాన్ని. డేలైట్ అంటే ఎండే కదా అనుకుని, దాంతో ఒక వాంపైర్‌ను కాల్చేయనిచ్చాను. తర్వాత చదివితే ఆ స్పెల్ ఇచ్చేది 60 అడుగుల మేర వెలుతురు మాత్రమే, ఎండ అన్న మాటే లేదు. 2024లో మార్చి వేసిన పుస్తకంలో మాత్రం ఎండ అనే రాశారు. అదే స్పెల్, అదే పేరు, కానీ ఒక్క మాట మారేసరికి వాంపైర్ బతకడమా చావడమా అన్నది మారిపోయింది. ఆ రోజు నుంచి స్పెల్ వివరణ గట్టిగా చదివాకే నిర్ణయం చెబుతున్నాను.

ఇలా చదివితే చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి. ఇద్దరు క్లెరిక్‌లు (దేవుడి శక్తితో మంత్రాలు వేసే పాత్రలు) ఒకరికే బ్లెస్ వేస్తే రెండు డీ4లు (నాలుగు ముఖాల పాచికలు) రావు, ఒకే పేరున్న స్పెల్స్ కలవవు. బ్లెస్, షీల్డ్ ఆఫ్ ఫెయిత్ వేరు వేరు కాబట్టి రెండూ పనిచేస్తాయి. కాకపోతే రెండిటికీ కాన్సంట్రేషన్ (ఒకరు ఒకేసారి ఒక్క స్పెల్ మీదే నిలపగలిగే ధ్యాస) కావాలి, కాబట్టి వేసేవాళ్లు ఇద్దరుండాలి.

నాకు బాగా నచ్చింది సైలెన్స్ (శబ్దం పుట్టనివ్వని స్పెల్), కౌంటర్‌స్పెల్ (అవతలివాళ్ల స్పెల్‌ని ఆపేసేది) ముచ్చట. మా విజార్డ్ (మాంత్రికుడి పాత్ర) 20 అడుగుల సైలెన్స్ గోళంలో ఇరుక్కుపోయాడు. ఇక ఏమీ చేయలేడని అందరం అనుకున్నాం. గోళం బయట శత్రువు ఫైర్‌బాల్ మొదలుపెట్టగానే అతను చెయ్యెత్తి "కౌంటర్‌స్పెల్" అన్నాడు. నోరు పెగలని చోట మంత్రం ఎలా వేస్తావని నలుగురూ మీద పడ్డారు. పుస్తకం తీశాం. కౌంటర్‌స్పెల్‌కి కావలసింది చేతి సైగ ఒక్కటే, నోటి మాట అక్కర్లేదు. శత్రువు 60 అడుగుల లోపే ఉన్నాడు, కనిపిస్తున్నాడు. ఫైర్‌బాల్ మూడో లెవెలే కాబట్టి డైస్ కూడా వేయకుండా ఆరిపోయింది. 2024లో కౌంటర్‌స్పెల్‌ని మార్చి, అవతలివాళ్లకి కాన్‌స్టిట్యూషన్ సేవ్ (డైస్ వేసి తట్టుకునే అవకాశం) ఇచ్చారు. నాకు కొత్త పద్ధతే న్యాయంగా ఉంది.

అక్షరం పట్టుకుంటే దారి మూసుకుపోయే చోట్లు కూడా ఉన్నాయి. వాల్ ఆఫ్ ఫోర్స్ అనే మాయా గోడను డిసింటిగ్రేట్ నాశనం చేస్తుందని రెండు స్పెల్స్ వివరణల్లోనూ ఉంది. కానీ 2014 డిసింటిగ్రేట్‌కి లక్ష్యం కంటికి కనిపించాలి, ఆ గోడేమో కనిపించదు! ఇక్కడ నేను అక్షరాన్ని పక్కన పెట్టేశాను. రెండు వివరణలూ పేరు పెట్టి మరీ ఒప్పుకున్న పనిని ఒక్క మాట ఆపకూడదు. గోడ ఎక్కడుందో తెలిస్తే చాలు, బాణం గాల్లో తగిలి పడిపోవడం చూసినా సరే, గురి పెట్టవచ్చన్నాను. సీ ఇన్విజిబిలిటీ విషయంలోనూ అంతే. 2014 మాటల ప్రకారం అదృశ్యంగా ఉన్నవాడు మనకు కనిపిస్తున్నా దాడికి డిసడ్వాంటేజ్ (రెండు సార్లు డైస్ వేసి తక్కువది తీసుకోవడం) పోదు. ఆ రూల్ మా టేబుల్ దగ్గర ఒక్క రోజు కూడా నడవలేదు. 2024లో సరిచేశారు, సంతోషం.

అలాంటి తీర్పులన్నీ ఒక నోట్‌బుక్‌లో రాస్తాను, తేదీతో సహా. అందులో రాసింది పార్టీకి, అంటే ఆటగాళ్ల జట్టుకి, ఎంతో శత్రువులకూ అంతే. రెండు నెలల తర్వాత సైలెన్స్ గోళంలో నిలబడ్డ శత్రు మాంత్రికురాలు, గోళం బయట ఉన్న మా విజార్డ్ వేసిన ఫైర్‌బాల్‌ని సైగతో ఆర్పేసింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అతనే నోట్‌బుక్ తిప్పి, ఆ పేజీ చూసుకుని, స్లాట్ (స్పెల్ వేసినప్పుడు ఖర్చయ్యే లెక్క) కొట్టేసుకున్నాడు.