చిన్న స్పీకర్లకు ఇంట్లో చేసుకున్న మార్పులు: ఏళ్లు గడిచాక ఏవి నిలిచాయి

నా బుక్‌షెల్ఫ్ స్పీకర్లలో కంపెనీ బిగించి పంపినవాటిలో ఇప్పుడు మిగిలినవి వూఫర్లు (బేస్ పలికేవి), ట్వీటర్లు (సన్నని శబ్దాలు పలికేవి), చెక్క డబ్బా. మిగతావి ఒక్కొక్కటిగా మారుతూ వచ్చాయి. 5 అంగుళాల వూఫర్, 1 అంగుళం సాఫ్ట్ డోమ్ ట్వీటర్, వెనకవైపు పోర్ట్ (గాలి వచ్చిపోయే గొట్టం) ఉన్న మామూలు టూ-వే డిజైన్ ఇది. మోడల్ పేరుతో పెద్దగా పని లేదు. ఈ తరగతిలో చాలా స్పీకర్లు విప్పితే లోపల కనిపించేది దాదాపు ఇదే: పల్చని ఎండీఎఫ్ (చెక్క పొడిని అదిమి చేసిన పలక) గోడలు, ఓ గుప్పెడు పాలిస్టర్ దూది, వైర్లు తగిలించే ప్లాస్టిక్ టెర్మినల్ కప్పు, దాని వెనకే అంటించిన, శబ్దాన్ని వూఫర్‌కూ ట్వీటర్‌కూ పంచే చిన్న క్రాసోవర్ బోర్డు.

ఏ మార్పయినా ముందు ఒక్క స్పీకర్‌కే చేశాను. రెండోదాన్ని కొన్ని వారాలు ముట్టుకోలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, పాటను మోనోలో (రెండింట్లోనూ ఒకే శబ్దం వచ్చేలా) పెట్టి, బ్యాలెన్స్ నాబ్ అటూ ఇటూ తిప్పితే తేడా అక్కడికక్కడే తెలిసిపోతుంది. తర్వాత వాటి చోట్లు మార్చి మళ్లీ వినాలి, ఎందుకంటే గోడకూ మూలకూ దూరం మారితే చాలు, బేస్ మారిపోతుంది. సౌండ్ లెవెల్ కూడా సమానంగా ఉండాలి. ఒక్క డెసిబెల్ ఎక్కువగా మోగేదే మన చెవికి 'క్లియర్‌గా' ఉంటుంది. రెండు స్పీకర్లూ ఒకేసారి విప్పి, రోజంతా సోల్డరింగ్ చేసి, రాత్రికి బిగించి విన్నవాళ్లలో 'ఏమీ మారలేదు' అన్నవాళ్లను నేను చూడలేదు. పడ్డ శ్రమ కూడా పాటతో కలిసి వినిపిస్తుంది మరి! ఒకదాన్ని అలాగే ఉంచడం వల్లే నేను చేసిన మార్పుల్లో చాలావాటిని వెనక్కి తీసేయగలిగాను.

నిలిచినవాటిలో మొదటిది డబ్బా పని. స్పీకర్ పక్క గోడను వేలి కణుపుతో తడితే డబ్ అని కొంచెం సాగే మోత వస్తోందంటే పాట మోగేటప్పుడు ఆ గోడ కూడా పాడుతోందని అర్థం. మగ గొంతులు కాస్త ముక్కుతో మాట్లాడినట్టు, డబ్బాలోంచి వచ్చినట్టు ఉండటానికి చాలాసార్లు కారణం ఇదే. రెండు పక్క గోడలనూ కలుపుతూ లోపల ఒక చెక్క బద్దను వుడ్ గ్లూతో బిగించాను. దాన్ని సరిగ్గా మధ్యలో పెట్టకూడదు, కొంచెం పక్కకు పెట్టాలి. అప్పుడు బద్దకు అటూ ఇటూ ఉన్న గోడ ముక్కల కొలతలు వేరవుతాయి, రెండూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఊగవు. బద్ద వల్ల గోడ గట్టిపడి దాని రెజొనెన్స్ (తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ) పైకి జరుగుతుంది. అలా పైకి జరిగినదాన్ని అణచడానికి గోడకు అంటించే డ్యాంపింగ్ షీటు చాలు. కార్ల తలుపుల్లో వేసే బ్యూటైల్ షీటు ఇన్నేళ్లయినా అంచు కూడా లేవలేదు. 1970ల్లో బీబీసీ ఇంజినీర్లు అవుట్‌సైడ్ బ్రాడ్‌కాస్ట్ వ్యాన్ల కోసం చేసిన ఎల్ఎస్ 3/5ఏ అనే చిన్న స్పీకర్‌లో దారి వేరు. అక్కడ గోడలు పల్చని ప్లైవుడ్, వాటి మీద బిటుమెన్ పొర. గట్టిగా బిగించడానికి బదులు మోతను కిందికి దించి మింగేయడం దాని సూత్రం. రెండూ పనిచేసే పద్ధతులే. కాకపోతే తయారైపోయిన ఎండీఎఫ్ డబ్బాలో మనకు చేతనయ్యేది బద్ద వేయడం.

డబ్బా విప్పినప్పుడే గాలి లీకులు చూసుకోవాలి. 50 హెర్ట్జ్ టోన్ పెట్టి, తడి చేతిని టెర్మినల్ కప్పు చుట్టూ, వూఫర్ ఫ్రేమ్ చుట్టూ పెడితే గాలి తగులుతుంది. నా స్పీకర్లలో కప్పు మూలల్లోంచి సన్నగా బుసకొట్టేది. ఫోమ్ గాస్కెట్ వేసి, ప్లాస్టిక్ టెర్మినళ్ల బదులు లోహపువి బిగించాక ఆ చప్పుడు పోయింది. కొత్త టెర్మినళ్ల వల్ల పాట మెరుగైందని మాత్రం చెప్పను. వైరు వదులు కాకుండా పట్టుకుంటాయి, అంతే. లోపలి వైర్లు మందమైనవి వేసినప్పుడూ మోనో పరీక్షలో నాకు ఏ తేడా దొరకలేదు.

ఇక అందరికీ మోజు ఉన్నది క్రాసోవర్ కెపాసిటర్ల మీద. ట్వీటర్‌కు సిరీస్‌లో నాన్-పోలార్ ఎలక్ట్రోలిటిక్ (లోపల ద్రవం ఉండే రకం కెపాసిటర్) ఉంటే దాన్ని తీసి పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్ వేయమని ప్రతి ఒక్కరూ చెబుతారు. స్పీకర్ పాతబడి ఎలక్ట్రోలిటిక్‌లు ఎండిపోయి ఉంటే వేయాల్సిందే. వాటి విలువ మారిపోయి ఉంటుంది, లోపలి రెసిస్టెన్స్ పెరిగి ట్వీటర్ మందగిస్తుంది. కానీ మంచి స్థితిలో ఉన్న ఎలక్ట్రోలిటిక్‌కు కూడా ఎంతో కొంత సొంత రెసిస్టెన్స్ ఉంటుంది, డిజైన్ చేసినవాళ్లు దాన్ని లెక్కలో పెట్టుకునే ట్వీటర్ స్థాయి కుదిర్చి ఉంటారు. ఫిల్మ్ కెపాసిటర్‌లో అది దాదాపు ఉండదు కాబట్టి ట్వీటర్ కొద్దిగా బిగ్గరగా మోగుతుంది. 'తెర తొలగినట్టుంది' అని చాలామంది మురిసిపోయేది ఆ కొద్దిపాటి ట్రెబుల్‌కే అని నా అనుమానం. నేను ఫిల్మ్ కెపాసిటర్‌కు సిరీస్‌లో 0.47 ఓమ్ రెసిస్టర్ కలిపాను. అప్పుడు ముట్టని స్పీకర్‌కూ దీనికీ తేడా చెప్పడం నా వల్ల కాలేదు. ఫిల్మ్‌వి త్వరగా ముసలివి కావు కాబట్టి వాటినే ఉంచేశాను.

క్రాసోవర్‌లో వూఫర్‌కు ముందుండే తీగచుట్ట (కాయిల్) రకం మాత్రం మార్చలేదు, మధ్యలో ఇనుము ఉండే ఐరన్ కోర్‌నే ఉంచాను. ఐరన్ కోర్ తీసి ఎయిర్ కోర్ వేయడం వినడానికి బాగుంటుంది గానీ, అదే ఇండక్టెన్స్ రావాలంటే ఎయిర్ కోర్‌కు ఎక్కువ తీగ చుట్టాలి. సన్న తీగ అయితే రెసిస్టెన్స్ పెరిగి బేస్ వదులవుతుంది, మందపు తీగ అయితే కాయిల్ డబ్బాలో పట్టదు. పట్టినా పక్క కాయిల్‌కు లంబంగా, దూరంగా పెట్టకపోతే ఒకదాని ఫీల్డ్ ఇంకోదానిలోకి దూరుతుంది.

డబ్బా విప్పి చేసిన మార్పుల్లో అన్నిటికన్నా పెద్ద తేడా తెచ్చింది ఒక చిన్న రెసిస్టర్. నా గదిలో ఈ స్పీకర్లు కొంచెం కరుగ్గా ఉండేవి. 's' లాంటి ఊష్మాలు పలికినప్పుడల్లా చెవిలో గుచ్చుకునేవి. ట్వీటర్‌కు సిరీస్‌లో ఉన్న 2.2 ఓమ్ తీసి 3.3 ఓమ్ వేశాను. ట్వీటర్ 6 ఓమ్‌ల దగ్గర ఉంటే దీనివల్ల తగ్గేది సుమారు 1 డెసిబెల్. ఆ ఒక్క డెసిబెల్ ట్వీటర్ పలికే పరిధి మొత్తం మీద పడుతుంది కాబట్టి గంటల తరబడి విన్నా అలసట రాలేదు. ట్వీటర్ దగ్గర పనిచేసేటప్పుడు ఒక జాగ్రత్త: స్క్రూడ్రైవర్‌ను అయస్కాంతం లాగేసుకుంటుంది, మొన డోమ్‌లో దిగిందంటే ట్వీటర్ పోయినట్టే. విప్పేముందు ఫొటో కూడా తీసుకోవాలి. చాలా క్రాసోవర్లలో ట్వీటర్ ప్లస్, మైనస్ కావాలనే తిరగేసి కలుపుతారు. అది తప్పనుకుని 'సరిచేస్తే' వూఫర్, ట్వీటర్ కలిసే 2–3 కిలోహెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది.

వెనక్కి తీసేసినవాటిలో దూది ఒకటి. డబ్బా నిండా కుక్కితే పోర్ట్ లేని సీల్డ్ బాక్స్‌కు మేలేమో గానీ పోర్ట్ ఉన్నదానిలో పోర్ట్ బలాన్ని అది తినేస్తుంది. తబలా డగ్గా తేలిపోయింది. తర్వాత గోడల మీద ఒక పొర, వూఫర్ వెనక కాస్త ఉంచి పోర్ట్ దారి ఖాళీగా వదిలాను. ఎల్ఎస్ 3/5ఏ చూసి ట్వీటర్ చుట్టూ పెట్టిన ఫెల్ట్ పట్టీలు కూడా పోయాయి. ఆ స్పీకర్ క్రాసోవర్‌ను ఫెల్ట్‌తో కలిపే తయారు చేశారు, నాదాన్ని అలా చేయలేదు. పైగా చూడ్డానికి బాగోలేదు.

వూఫర్ మారిస్తే ఎలా ఉంటుందని చాలామంది అడుగుతారు. రంధ్రంలో పట్టినంత మాత్రాన డబ్బాకు సరిపోయినట్టు కాదు. నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ అనే ఇంజినీర్ల పేర్లతో పిలిచే పారామీటర్లు, అంటే వూఫర్ రెజొనెన్స్, క్యూ (ఆ ఊపు ఎంత త్వరగా అణగుతుందో చెప్పే అంకె), దానికి కావలసిన గాలి పరిమాణం వేరైతే పోర్ట్ ట్యూనింగ్ తప్పుతుంది, క్రాసోవర్ తప్పుతుంది. అది కొత్త స్పీకర్ డిజైన్ చేయడమే, అప్‌గ్రేడ్ అనే మాట దానికి చిన్నదవుతుంది.

నిజం చెప్పాలంటే స్క్రూ విప్పకుండా చేసిన పని ఇంతకన్నా ఎక్కువ ఇచ్చింది. షెల్ఫులోంచి తీసి, ట్వీటర్ చెవి ఎత్తుకు వచ్చే స్టాండ్ల మీద పెట్టాను. స్పీకర్ ముందు పలక దాని వెనకున్న గది గోడకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే సుమారు 143 హెర్ట్జ్ దగ్గర గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం అసలు శబ్దాన్ని కోసేస్తుంది. యూఎస్‌బీ మెజర్‌మెంట్ మైక్, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే ఆ గుంట గ్రాఫులో కనిపిస్తుంది, స్పీకర్ జరిపితే గుంటా జరుగుతుంది. గోడకు దగ్గరగా పెట్టక తప్పనివాళ్లు పోర్ట్‌లో ఫోమ్ ముక్క దూర్చి చూడొచ్చు. లోతైన బేస్ కొంత పోతుంది, గుమ్మనే మోత తగ్గుతుంది. నేనూ ఇప్పుడు పోర్ట్‌లో ఫోమ్ ముక్క పెట్టి, 80 హెర్ట్జ్ కింద పనిని సబ్‌వూఫర్‌కు అప్పగించాను.

ఇన్నేళ్లలో అరిగింది ఒక్కటే, స్క్రూ రంధ్రాలు. ఎండీఎఫ్ పదే పదే విప్పి బిగించడానికి పుట్టింది కాదు. రంధ్రాల్లో వుడ్ గ్లూతో సన్న పుల్లలు దూర్చి మళ్లీ తొలిచాను, గట్టిగానే ఉన్నాయి. ఇకముందు విప్పే ఉద్దేశం ఉన్నవాళ్లు మొదటిసారే టీ-నట్లు (చెక్కలో దిగబడే లోహపు నట్లు) వేసుకోవడం మంచిది. కొత్త క్రాసోవర్‌ను వేరే ప్లైవుడ్ ముక్క మీద కట్టి, పాత బోర్డులను టెర్మినల్ కప్పులతో సహా పేరు రాసి కవర్లో దాచాను. ఒకసారి విప్పాక వారంటీ పోయినట్టే, అమ్మబోతే కొనేవాళ్లు అనుమానంగా చూస్తారు. పాతవి చేతిలో ఉంటే బద్ద, డ్యాంపింగ్ షీటు తప్ప మిగతావన్నీ ఒక మధ్యాహ్నంలో యథాస్థితికి వచ్చేస్తాయి.