ఐఎన్ఎస్ కురుసుర: హైస్కూలు సైన్స్ క్లబ్బుకు ఎంతవరకు ఉపయోగం?

విశాఖపట్నం రామకృష్ణా బీచ్ ఒడ్డున ఉన్న ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి మ్యూజియం పేరు వినని హైస్కూలు విద్యార్థి ఉత్తరాంధ్రలో ఉండడు. శీతకాలంలో పల్లెల నుంచి వచ్చే విహారయాత్ర బస్సులు కైలాసగిరి, జూపార్కు, కురుసుర అన్న వరుసలో తిరిగి, చీకటి పడేసరికి వెనక్కి బయలుదేరతాయి. ఆ యాత్రలకు వాటి ఆనందం వాటికి ఉంది. అయితే ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లలతో నడిచే సైన్స్ క్లబ్బు ఒక పూటను, కొంత డబ్బును వెచ్చించి ఇక్కడికి వస్తే తరగతి గదిలో దొరకనిది ఏం దొరుకుతుందన్న ప్రశ్న వేరు. భౌతికశాస్త్రం బోధించేవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. హైస్కూలు పుస్తకంలోని పీడనం, ఉత్ప్లవనం (నీరు వస్తువును పైకి నెట్టడం), కాంతి, ధ్వని, విద్యుత్తు పాఠాలన్నీ ఒకే వస్తువులో కలిసి పనిచేయడం చూపించగల చోటు మన ప్రాంతంలో ఇంకొకటి లేదు. కాని లెక్కలు ముందు వేసుకుని రాని బృందానికి అదంతా ఇనుప గొట్టాల గుట్టలాగే కనిపిస్తుంది.

చరిత్ర క్లుప్తంగా చాలు. సోవియట్ యూనియన్‌లో నిర్మించిన ఈ ఫాక్స్‌ట్రాట్ తరగతి (ఆ పేరుగల నమూనాకు చెందిన) జలాంతర్గామి 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధకాలంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 31 ఏళ్ళ సేవ తరువాత 2001 ఫిబ్రవరి 27న విరమించగా, దాన్ని ఒడ్డుకు లాగి కాంక్రీటు పునాదుల మీద నిలబెట్టి 2002 ఆగస్టులో మ్యూజియంగా ప్రారంభించారు. పొడవు 91.3 మీటర్లు. అందులో 8 మంది అధికారులు, 67 మంది నావికులు ఉండేవారు.

టికెట్టు తీసుకున్న వెంటనే మెట్లెక్కించకుండా, పిల్లలను మొదట బయటి నుంచి ఒకసారి పొడవునా నడిపించాలని నా సలహా. నీటిలో ఉన్నప్పుడు ఎవరికీ కనిపించని అడుగు భాగం ఇక్కడ కళ్ళెదుట ఉంటుంది. పైపొర మీద వరుసగా ఉన్న రంధ్రాలను చూపించి, ఇన్ని చిల్లులున్న పడవ ఎందుకు మునిగిపోలేదని అడగండి. చాలామంది పిల్లలు తుప్పు పట్టిందని జవాబిస్తారు. అసలు సంగతి ఏమిటంటే, జలాంతర్గామికి రెండు పొరలు ఉంటాయి. మనుషులు, యంత్రాలు ఉండే లోపలి పొర ఒక్కటే నీటి ఒత్తిడిని ఆపుతుంది. బయటి పొరలోకి నీరు ధారాళంగా వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి దానికి రెండు వైపులా ఒకే పీడనం ఉండి, అది నలగదు. రెండు పొరల నడుమనే బ్యాలస్ట్ ట్యాంకులు, అంటే మునగడానికి నీటిని నింపుకునే తొట్లు ఉంటాయి. ఈ ఒక్క విషయం బయట ఉన్నప్పుడే అర్థమైతే లోపల చూసేదానిలో సగం అర్థమైనట్టే.

ఉత్ప్లవనం గురించిన లెక్కకు కావలసిన అంకెలు కురుసుర స్వయంగా ఇస్తుంది. నీటి మీద తేలుతున్నప్పుడు దాని స్థానభ్రంశం, అంటే అది పక్కకు నెట్టే నీటి బరువు, 1,950 టన్నులు, మునిగినప్పుడు 2,475 టన్నులు. అంటే మునగడానికి అది లోపలికి తీసుకునే సముద్రపు నీరు సుమారు 525 టన్నులు. సముద్రపు నీటి సాంద్రత ఘనమీటరుకు 1,025 కిలోలు కాబట్టి ఆ నీటి ఘనపరిమాణం 512 ఘనమీటర్లకు అటూ ఇటూగా వస్తుంది. ఎనిమిది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్ల ఎత్తు ఉన్న తరగతి గదులు మూడింటిని నింపే నీరది. తిరిగి పైకి రావాలంటే సంపీడిత గాలితో ఆ నీటినంతా బయటికి నెట్టాలి. ఆర్కిమెడిస్ సూత్రాన్ని బీకరులో ముంచిన రాయితో చూపించి వదిలేయడం మనకు అలవాటు. తమ గది కొలతలు తామే టేపుతో కొలిచి, ఈ లెక్క బడిలోనే వేసుకుని వచ్చిన పిల్లలు ఆ పొట్ట భాగం దగ్గర నిలబడి చూసే చూపే వేరుగా ఉంటుంది.

లోపలికి ఒక చివర ఎక్కి, ఏడు అరల గుండా నడిచి, మరో చివర దిగాలి. అరకీ అరకీ మధ్య గుండ్రటి చిన్న ద్వారాలు ఉంటాయి, కాలు ఎత్తి నడుము వంచితే తప్ప దాటలేము. ఇవి గుండ్రంగానే ఎందుకున్నాయి, తలుపులు మన ఇళ్ళలోలా నలుపలకలుగా ఎందుకు లేవు అన్నది ముందురోజే బోర్డు మీద రాసిపెట్టదగ్గ ప్రశ్న. మూలలున్న చోట ఒత్తిడి పోగుపడుతుంది, వలయాకారంలో అది సమంగా పంచుకుపోతుంది. లోపలి పొర గొట్టం ఆకారంలో ఉండడానికీ కారణం అదే. ఈ తరగతి జలాంతర్గాములు 250 మీటర్ల లోతు వరకు దిగగలవు. ఆ లోతులో నీటి పీడనం వాతావరణ పీడనానికి ఇరవై అయిదు రెట్లు ఉంటుంది. 60 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఒక పైమూతను ఊహించుకుంటే దాని మీద పడే బలం సుమారు 70 టన్నుల బరువుతో సమానం. ఈ అంకె తెలిశాక ఆ మూతల మందం, వాటి చక్రపు బిగింపులు పిల్లలకు అతిగా కనిపించవు.

నన్ను అడిగితే మొత్తంలో అన్నిటికంటే విలువైన చోటు డీజిల్ ఇంజన్ల అర. అక్కడ మూడు ఇంజన్లు, ఒక్కొక్కటి 2,000 అశ్వసామర్థ్యం గలవి. వెనక అరలో విద్యుత్ మోటార్లు, వాటికి మూడు ప్రొపెల్లర్లు. ఒకే ఓడకు రెండు రకాల యంత్రాలు ఎందుకు? డీజిల్ మండాలంటే గాలి కావాలి. ఒక కిలో డీజిల్ పూర్తిగా మండడానికి సుమారు పద్నాలుగున్నర కిలోల గాలి, అంటే దాదాపు 12 ఘనమీటర్లు ఖర్చవుతుంది. ఆ లెక్కన నీటి అడుగున ఇంజను వేస్తే అది మనుషులు పీల్చే గాలిని ముందుగా తాగేస్తుంది. అందుకే పైన ఉన్నప్పుడో, గాలిగొట్టం మాత్రం నీటి పైకి పెట్టినప్పుడో ఇంజన్లు నడిపి బ్యాటరీలకు విద్యుత్తు నింపుతారు. అడుగున ఆ బ్యాటరీలతో మోటార్లు తిప్పుతారు. నడిచే నేల కింద బారులు తీరి ఉండే ఆ ఘటాలు సీసం, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పనిచేసేవి, సూత్రంలో మన ఇన్వర్టరు బ్యాటరీకి అన్నలు. ఛార్జింగు చివరలో వాటి నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది, అది గాలిలో నాలుగు శాతం దాటితే నిప్పురవ్వ చాలు. నీటి విద్యుద్విశ్లేషణ ప్రయోగంలో పరీక్షనాళికలో టప్పుమని వినిపించిన శబ్దం మూసిన గొట్టంలో ఎంత ప్రమాదమో ఇక్కడ విడమర్చి చెప్పనవసరం లేదు. శక్తి రూపాలు మారడం గురించి ఇంతకంటే పూర్తి గొలుసు పిల్లలకు మరెక్కడ చూపించగలమో నాకు తోచదు: ఇంధనంలోని రసాయనశక్తి ఉష్ణంగా, చలనంగా, విద్యుత్తుగా, తిరిగి రసాయనశక్తిగా, మళ్ళీ విద్యుత్తుగా, చివరికి ప్రొపెల్లరు తిరుగుడుగా.

మధ్యలోని నియంత్రణ గదిలో పెరిస్కోపు ఉంటుంది. అట్టపెట్టెలో రెండు అద్దాలు పెట్టి చేసే పెరిస్కోపు ప్రతి సైన్స్ ఫెయిర్‌లోనూ కనిపిస్తుంది. అసలు దానిలో అద్దాల స్థానంలో పట్టకాలు, మధ్యలో కటకాల వరుస ఉంటాయి. గాజు సందిగ్ధకోణం సుమారు 42 డిగ్రీలు, అంతకంటే ఎక్కువ కోణంలో లోపలి నుంచి పడిన కాంతి గాజును దాటి బయటికి పోలేదు. పట్టకంలో కాంతి 45 డిగ్రీల కోణంలో పడుతుంది కాబట్టి మొత్తం వెనక్కి మళ్ళి సంపూర్ణాంతర పరావర్తనం జరుగుతుంది, అద్దంలోలాగా కాంతి నష్టం ఉండదు. ఇక నీటిలో దారి చూపేది ధ్వని. సముద్రపు నీటిలో దాని వేగం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు, కాబట్టి రెండు సెకన్లలో తిరిగొచ్చిన ప్రతిధ్వని 1,500 మీటర్ల దూరాన్ని చెబుతుంది. చల్లని నీటి పొరలు, వెచ్చని పొరలు కలిసే చోట ధ్వని వంగుతుందనీ, ఆ వంపు చాటున జలాంతర్గాములు దాక్కునేవనీ చెబితే, వక్రీభవనం కాంతికి మాత్రమే పరిమితమని అనుకునే పదో తరగతి విద్యార్థి ఆశ్చర్యపోతాడు.

జీవశాస్త్రం టీచరు కూడా వెంట ఉంటే మంచిది. విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషానికి పావు లీటరు ఆక్సిజన్ వాడుకుంటాడు. 75 మందికి ఒక రోజుకు అది 27 ఘనమీటర్లు. కార్బన్ డయాక్సైడును పీల్చుకునే రసాయనాలు లేకుండా అక్కడ ఎక్కువ కాలం గడపడం అసాధ్యం. టార్పెడోల పక్కనే ఉన్న పడకలను చూసి పిల్లలు నవ్వుతారు, ఈ లెక్క విన్నాక ఆ నవ్వు కాస్త తగ్గుతుంది.

ఇక ఇబ్బందులు. వాటిలో ఎక్కువ భాగం ఎవరి తప్పూ కాదు, జలాంతర్గామి రూపమే అంత. నడవ ఒక్క మనిషికి సరిపడేంత ఇరుకు, వెనకనుంచి సందర్శకులు వస్తూనే ఉంటారు, కాబట్టి ఒక చోట ఆగి పాఠం చెప్పడం కుదరదు. సెలవు దినాల్లో అసలే కుదరదు. మార్గదర్శకులుగా నౌకాదళంలో పనిచేసి విరమించినవారు ఉండడం ఈ మ్యూజియానికున్న గొప్ప బలం. వారు సహజంగా ఓడ జీవితం గురించి చెబుతారు, సిలబస్ గురించి వారిని ఆశించడం న్యాయం కాదు. అందువల్ల పాఠం బడిలోను, బయట నడిచేటప్పుడును జరగాలి. లోపల చూడడం, ప్రశ్న అడగడం మాత్రమే జరగాలి. రెండు వందల మందితో వచ్చే బస్సుల యాత్రకు ఇది పనికిరాదు. పాతిక ముప్పై మంది ఉన్న క్లబ్బు, నలుగురైదుగురి జట్లుగా విడిపోయి, జట్టుకొక అర చొప్పున గమనించే పని పంచుకుంటే సరిపోతుంది. కాలు ఎత్తలేని, నడుము వంచలేని పిల్లలకు లోపలి భాగం అందుబాటులో ఉండదు. వారిని ఒంటరిగా బయట కూర్చోబెట్టకుండా, బయటి పొర, ప్రొపెల్లర్ల పరిశీలనను ఒక పూర్తి జట్టుకు అప్పగించి అందులో వారిని చేర్చడం ఒక మార్గం. ఇరుకు చోటంటే భయపడే పిల్లలు ఎవరో ముందే అడిగి తెలుసుకోవాలి.

వేళల విషయంలో జాగ్రత్త అవసరం. సోమవారం సెలవు, మిగతా పనిదినాల్లో మధ్యాహ్నం నుంచే తెరిచే పద్ధతి ఉంది, బయలుదేరే ముందు ఒకసారి కనుక్కోవడం మేలు. ఉదయం ఖాళీగా ఉంటుంది కాబట్టి ఆ సమయాన్ని భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు ఇవ్వవచ్చు. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఆ దిబ్బలు, చివరి మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి దిగిన కాలాన్ని పిల్లలకు పరిచయం చేయడానికి తగిన చోటు. దిబ్బలెక్కి మట్టిని రాల్చకుండా చూసుకోవడం మాత్రం ఉపాధ్యాయుల పని. సైన్స్ క్లబ్బులకు, ఇటువంటి సందర్శనలకు 2015లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం రాష్ట్రీయ ఆవిష్కార్ అభియాన్‌లో చోటుంది కనుక ప్రధానోపాధ్యాయుని ద్వారా ఆ దారి ప్రయత్నించవచ్చు.

రోడ్డు దాటితే టీయూ-142 విమాన మ్యూజియం ఉంది. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఆ మ్యూజియంలోని విమానం జలాంతర్గాములను వేటాడేది, సముద్రంలోకి ధ్వని గ్రాహకాలను జారవిడిచి వాటి జాడ పట్టేది. కురుసుర ఎలా దాక్కుంటుందో చూసిన వెంటనే దాన్ని వెతికేవాడి వైపు నుంచి చూడడం బాగుంటుంది. దాని రెక్కల మీది ఒక్కొక్క ఇంజనుకు వ్యతిరేక దిశల్లో తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు ఉంటాయి, అవి ఎందుకో పిల్లలనే ఊహించమనండి. సమయం గాని డబ్బు గాని చాలకపోతే ఈ రెండో టికెట్టును వదులుకుని, ఆ అరగంటను కురుసుర బయట ఇంకోసారి నడవడానికి వాడుకోమంటాను. లోపల చూసి వచ్చాక అదే పొట్ట, అవే రంధ్రాలు, అవే ప్రొపెల్లర్ల దగ్గర ప్రతి జట్టూ తన అర గురించి మిగిలిన జట్లకు చెప్పడానికి ఆ సమయం కచ్చితంగా సరిపోతుంది.