పీవీసీ పైపులా, సరుగుడు కర్రలా: గుర్రాల జంపింగ్ గ్రిడ్‌పై సమీక్ష

గుర్రం వరసగా దాటేలా కొలిచిన దూరాల్లో పెట్టే కర్రలు, కంచెల వరసే జంపింగ్ గ్రిడ్. దానికి పీవీసీ పైపు మేలా, సరుగుడు కర్ర మేలా అంటే మా ఓటు సరుగుడుకే. రెండింటినీ ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఉంచి వాడాకే ఈ మాట చెబుతున్నాం. నాలుగంగుళాల పీవీసీ పైపు తేలిక, ఏ బోరు సామాన్ల అంగట్లోనైనా దొరుకుతుంది. కానీ అనంతపురం ఎండలకు పెళుసెక్కిపోతుంది. గిట్ట పడితే చీలి, అంచు కత్తిలా లేస్తుంది. పైగా తగిలినా ఏమీ కాదని తెలిసిపోయాక గుర్రం కాళ్లు సరిగా ఎత్తదు.

సరుగుడు కర్ర పదడుగుల పొడవు, నాలుగంగుళాల లావు ఉంటే చాలు. బెరడు గీకి, కణుపులు చెక్కి రంగు వేయాలి. ఎరుపు పట్టీలు మాత్రం వద్దు. గుర్రం కంటికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు, మన ఎర్రనేలలో ఆ పట్టీ కలిసిపోతుంది. తెలుపు, పసుపు, నీలం బాగా కనబడతాయి. నేలమీద పరిచే కర్రకు రెండు కొసల్లోనూ కింద చెక్కముక్క కొట్టండి. లేకుంటే గిట్ట పడగానే దొర్లి కాలు మెలిపడుతుంది. ఎత్తు మీద పెట్టే కర్రను మాత్రం ఎప్పుడూ కట్టేయకూడదు, తగిలితే పడిపోవాలి. చెదల బాధ తప్పదు, వాడనప్పుడు ఇటుకల మీద పెట్టాల్సిందే.

ఇక కొలతలు. అసలు ఫలితమంతా ఇక్కడే ఉంది. ట్రాట్‌కు, అంటే నడకకూ దౌడుకూ మధ్య వేగానికి, నేలమీది కర్రకూ కర్రకూ మధ్య నాలుగున్నర అడుగులు. మార్వాడీ, కాఠియావాడీ గుర్రాల్లో పొట్టివాటికి నాలుగుకు తగ్గించాలి. మూడు కర్రలైనా వేయండి. రెండే వేస్తే గుర్రం రెంటినీ కలిపి ఒక్క దూకు దూకేస్తుంది. ఆ తర్వాత తొమ్మిదడుగుల దూరంలో అడుగున్నర ఎత్తు ఎక్స్ కంచె (రెండు కర్రలను ఏటవాలుగా ఒకదానిమీదొకటి వేసింది), అక్కడినుంచి పద్దెనిమిది అడుగులకు రెండో కంచె. మధ్యలో ఒక్క కేంటర్ (ట్రాట్ కన్నా వేగమైన దౌడు) అంగ పడుతుంది. రెండో కంచెను గుర్రం ముందుకాళ్లతో తన్నుతుంటే చాలామంది ఎత్తు తగ్గిస్తారు. ముందు వేగం చూడండి. దూసుకొచ్చిన గుర్రం కంచెకు మరీ దగ్గరికొచ్చేస్తుంది, కాళ్లు మడిచే చోటుండదు. ట్రాట్‌కు దింపి మళ్లీ తీసుకురండి.

రౌతుకూ ఈ గ్రిడ్ మంచి గురువు. కొలత ఖాయంగా ఉంటుంది కాబట్టి ఎక్కడ ఎగరాలన్న బెంగ ఉండదు, తన కూర్చోవడం మీదే దృష్టి పెట్టొచ్చు. కొత్తవాళ్లు కంచెకు ముందే మెడమీదకి వాలిపోతారు, ఆ బరువు ముందుకాళ్ల మీద పడి కర్ర రాలుతుంది. చూపు చివరి కంచె దాటి ఉండాలి, మడమ కిందకి దిగాలి. పగ్గం లాగేస్తుంటే జూలు పట్టుకోమనండి.

నేల సంగతి మరవొద్దు. మన గట్టి గరుసు నేలమీద రెండు మూడంగుళాల ఇసుక పరవాలి. ఇసుక మరీ ఎక్కువైతే కాలి స్నాయువులు (టెండన్లు) దెబ్బతింటాయి. కర్నూలు వైపు నల్లరేగడిలోనైతే వాన పడ్డాక కంచెలు పక్కన పెట్టి, నేల ఆరేదాకా నడకతోనే సరిపెట్టండి.