సియాటిల్ చల్లనీళ్లకి ట్రైలామినేట్ డ్రై సూట్ ఎలా ఉందంటే

సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లో స్కూబా డైవింగ్‌కి లోతుకి దిగితే నీళ్లు ఏడాదంతా చల్లగానే ఉంటాయి, లోపలికి నీళ్లు వచ్చే వెట్ సూట్‌తో పళ్లు టకటకలాడతాయి. నేను తీసుకున్న ట్రైలామినేట్ డ్రై సూట్ (మూడు పొరల గుడ్డతో చేసింది, నీళ్లు లోపలికి రానివ్వదు) పల్చగా ఉంటుంది, తొందరగా ఆరుతుంది, కానీ వెచ్చదనమంతా లోపలేసుకునే అండర్‌సూట్‌దే, కాబట్టి అక్కడ పిసినారితనం వద్దు. నియోప్రీన్ (నురగ రబ్బరు) డ్రై సూట్ వెచ్చనిదే గానీ లోతుకెళ్లేకొద్దీ నొక్కుకుపోయి పల్చబడుతుంది. మెడ దగ్గర నీళ్లు రాకుండా ఆపే లేటెక్స్ సీల్ (పల్చటి రబ్బరు పట్టీ) మొదట్లో గొంతు పట్టేసినట్టే ఉంటుంది, గోరు తగిలితే చిరుగుతుంది కూడా. సెంటు లేని టాల్కం పౌడర్ రాస్తే సులువుగా జారుతుంది. షాపువాళ్లు సైజు చార్ట్ చూపించి పంపేద్దామని చూశారు, ఊరుకోకండి, అండర్‌సూట్ మీదే తొడుక్కుని, నాలుగు గుంజీలు తీసి, చెయ్యి వెనక్కి పెడితే వీపు మీది గాలి సిలిండర్ వాల్వ్ అందుతుందో లేదో చూసుకోండి. బూట్లే నచ్చలేదు, మరీ లావు, పాత ఫిన్స్ (ఈతకి కాళ్లకి తొడుక్కునే రెక్కలు) పట్టక కొత్తవి కొనాల్సొచ్చింది.