ఎన్‌ఐసీయూలో ఇన్‌ఫెక్షన్: వార్డు మూసేయాలా, పిల్లల్ని విడదీయాలా?

నవజాత శిశువుల ఐసీయూలో వారం తిరక్కుండా ఇద్దరు ముగ్గురు పసికందుల రక్తంలో ఒకే రకం క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా బయటపడితే, ముందుగా వినిపించే మాట "వార్డు మూసేద్దాం". ముందు విడదీయండి అంటాను నేను.

మూసేస్తే కొత్తవాళ్లు రారు, అంతే. లోపలి పిల్లల్లో జ్వరం, నీరసం ఏమీ లేకుండానే పేగుల్లో ఆ బ్యాక్టీరియాను మోస్తున్నవాళ్లు ఉంటారు. వాళ్ల నుంచి పక్క ఇంక్యుబేటర్‌కు అది చేతుల మీదుగా పాకుతూనే ఉంటుంది. బయటేమో, నెలలు నిండకుండానే నొప్పులొచ్చిన తల్లి ఇంకో ఆసుపత్రి వెతుక్కోవాలి. కడుపులో ఉండగా తరలిస్తే కొంత నయం. పుట్టాక, కిలో బరువైనా లేని బిడ్డను అంబులెన్సులో తిప్పడం చాలా ప్రమాదం.

విడదీయాలంటే అందరికీ స్వాబ్ పరీక్ష (దూదిపుల్లతో నమూనా తీసి చూడటం) చేసి, బ్యాక్టీరియా ఉన్నవాళ్లను, లేనివాళ్లను, కొత్తగా చేరేవాళ్లను వేర్వేరుగా ఉంచాలి. స్టెతస్కోపు, థర్మామీటరు ఏ బిడ్డవి ఆ బిడ్డకే. అసలు చిక్కు నర్సుల దగ్గర వస్తుంది. ఒక గుంపును చూసే నర్సు ఆ షిఫ్టులో రెండో గుంపును ముట్టకూడదు. కానీ అర్ధరాత్రి అవతలి బిడ్డకు ఆక్సిజన్ పడిపోయి అలారం మోగుతుంటే, అక్కడి నర్సు చేతులు ఖాళీగా లేకపోతే, ఇవతలి నర్సు పరిగెత్తకుండా ఎలా ఉంటుంది? ఆమెను తప్పుపట్టడం అన్యాయం. ఆ షిఫ్టుకు ఇంకో మనిషిని వేయాలి.

మూలం దొరక్కపోతే రెండు పద్ధతులూ వృథాయే. 2012 జనవరిలో ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో ఒక ఎన్‌ఐసీయూలో సూడోమోనాస్ అనే ఇంకో బ్యాక్టీరియా సోకి ముగ్గురు పసికందులు చనిపోయారు. ఆరా తీస్తే ఆ బ్యాక్టీరియా కుళాయిల్లో ఉంది! అందుకే సింకు గొట్టాల్లో పేరుకునే జిగురు పొరను అనుమానించాలి. మిగిలిన పాలు అందులో పారబోయకూడదు, నీటి తుంపరలు పడేచోట మందులు కలపకూడదు. చేతులకు మురికి కనబడకపోతే సబ్బు కన్నా శానిటైజరే మేలు, 20–30 సెకన్లలో పని అవుతుంది.

విడదీశాక కూడా కొత్త బిడ్డల స్వాబుల్లో అదే బ్యాక్టీరియా వస్తున్నా, నర్సులు బొత్తిగా చాలకపోయినా అప్పుడు మూసేయాల్సిందే. పిల్లల సంఖ్య తగ్గితే ఒక బిడ్డకూ ఇంకో బిడ్డకూ మధ్య చేతులు శుభ్రం చేసుకునే తీరిక నర్సుకు దొరుకుతుంది. మూసినా, విడదీసినా తల్లుల్ని మాత్రం ఆపొద్దు. చేతులు శుభ్రం చేసుకోవడం దగ్గరుండి నేర్పి, తల్లిపాలు, గుండెలకు హత్తుకుని పడుకోబెట్టడం కొనసాగనివ్వాలి.